వానలకు ముందే మా వీధికి కాలువ కావాలి
సంపాదకునికి,

నెల్లూరు శివారులోని మా వీధిలో ఇళ్లు వెలిసి పన్నెండేళ్లయినా మురుగు కాలువ లేదు. వాడుక నీరంతా గడపల ముందు గుంతల్లోనే నిలుస్తోంది. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైతే ఆ మురుగు ఇళ్లలోకి వస్తుంది. నిరుడు మా పక్కింటి పెద్దమ్మ మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టించుకుని రెండు రాత్రులు దానిమీదే కూర్చున్నారు. ఆ మురుగులో నడిచిన కాళ్లకు పట్టిన పుండ్లు మానడానికి నెలలు పట్టింది. ఆ వయసులో ఎవరికీ రాకూడని కష్టం అది.

వీధి చివరి స్తంభానికి దీపం లేదు. ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలకు తల్లులు ఫోను వెలుతురుతో ఎదురు వెళ్తున్నారు.

ఇంటిపన్ను ఏటా కడుతున్నాం. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన 12వ షెడ్యూలులో వీధి దీపాలు, పారిశుధ్యం పట్టణ స్థానిక సంస్థల పనులుగానే ఉన్నాయి. సెప్టెంబరులోగా అధికారులు కాలువ తవ్వించి, ఆ ఒక్క దీపం వెలిగించాలి.

- ఒక గృహిణి, నెల్లూరు