బ్యాచ్‌కు కాదు, నిలిచిన కొలువుకు కట్టండి

సంపాదకులకు నమస్కారం.

యువతకు నైపుణ్య శిక్షణ ఇచ్చే కేంద్ర పథకం ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మీద, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చింది. 94 శాతానికి పైగా అభ్యర్థుల రికార్డుల్లో బ్యాంకు ఖాతా గడి ఖాళీగానో, సున్నాలతోనో ఉందని అందులో తేలింది. మిగిలినవాటిలో కొన్నిచోట్ల 11111111111 అని కొట్టి ఊరుకున్నారు. ఆ ఒకట్ల వరస చూసి నవ్వుకున్నవాళ్లే ఎక్కువ. మాకు మాత్రం అదే నివేదికలోని ఇంకో అంకె ముఖ్యమనిపించింది. స్వల్పకాలిక శిక్షణ పొంది సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లలో ఉద్యోగం చూపించింది సుమారు 41 శాతం మందికే. ఇంకో పోర్టల్ తెచ్చినా, ఇంకో బయోమెట్రిక్ యంత్రం బిగించినా ఈ అంకె పెరగదు. లోపం డబ్బు కట్టే వరసలో ఉంది.

లెక్క చూడండి. 2015 జూలైలో కేంద్రం ప్రకటించిన ఉమ్మడి నిబంధనల ప్రకారం శిక్షణ సంస్థకు బ్యాచ్ మొదలవగానే 30 శాతం, సర్టిఫికెట్లు వచ్చాక 50 శాతం, ఉద్యోగాలు చూపించాక 20 శాతం చెల్లించాలి. 30 మంది బ్యాచ్, 400 గంటల కోర్సు, గంటకు మనిషికి 40 రూపాయలు అనుకుంటే మొత్తం 4,80,000 అవుతుంది. అందులో 3,84,000 సర్టిఫికెట్ల నాటికే రావాల్సిన సొమ్ము. మిగిలిన 96,000 కోసం ప్లేస్‌మెంట్ ఆఫీసరును పెట్టుకోవాలి, కంపెనీల హెచ్ఆర్‌ల చుట్టూ తిరగాలి, పిల్లల్ని శ్రీసిటీకో హోసూరుకో తీసుకెళ్లి హాస్టల్లో దింపాలి, మూడు నెలలపాటు ఫోన్లు చేయాలి, జీతం స్లిప్పులు తెప్పించుకోవాలి. ఈలోగా ఇంకో బ్యాచ్ తెరిస్తే మొదటి విడతగానే 1,44,000 వస్తుంది. లెక్క తెలిసిన సెంటర్ మేనేజరు ఏం చేస్తాడో వేరే చెప్పాలా?

ఆ 20 శాతంలోనూ ఒక మెలిక ఉంది. 70 శాతం మందికి పని దొరికితే పూర్తి డబ్బు, 50 నుంచి 69 మధ్య అయితే దామాషాలో, 50 లోపైతే సున్నా. 30 మంది బ్యాచ్‌లో 14 మందికి ఉద్యోగం వస్తే పైసా రాదు. పదిహేనోవాడు ఒక్కడు దొరికితే అందరి లెక్కా కదులుతుంది. దొంగ ఆఫర్ లెటర్లు పుట్టేది ఆ పదిహేనో మనిషి దగ్గరే. ఆరేడుగురితో ఆగిపోయిన బ్యాచ్‌ను సెంటర్ పూర్తిగా వదిలేసేదీ ఈ నియమం వల్లే. ఎనిమిదోవాడికి పని చూపించినా దానికి ఒరిగేదేమీ లేదు మరి.

ఇది సరిదిద్దాల్సిందిపోయి, పథకం నాలుగో దశలో శిక్షణకూ ఉద్యోగానికీ ఉన్న లంకెనే తీసేశారు. అభ్యర్థి తన దారి తాను ఎంచుకుంటాడని సమర్థన. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. లంకెను తెంచడం కాదు, సరిగ్గా ముడివేయాలి.

మనకు ఇది కొత్త విద్యా కాదు. ఆంధ్రప్రదేశ్‌లో సీడాప్, తెలంగాణలో ఈజీఎంఎం అనే ప్రభుత్వ సంస్థలు నడిపే దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజనలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలనే నియమం ఉంది. ఏడాదిపాటు నిలిచిన ఒక్కో అభ్యర్థికి సంస్థకు 3,000 రూపాయల ప్రోత్సాహకాన్ని కూడా మార్గదర్శకాల్లో రాశారు. 2021లో మొదలైన స్కిల్ ఇంపాక్ట్ బాండ్ ఇంకో అడుగు ముందుకేసింది. 1.44 కోట్ల డాలర్లు, నాలుగేళ్లు, 50,000 మంది యువత, వారిలో 60 శాతం మహిళలు అన్నది దాని లక్ష్యం. జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ, మైకేల్ అండ్ సుసాన్ డెల్ ఫౌండేషన్ ముందుగా పెట్టుబడి పెట్టాయి. ఆ డబ్బుతో శిక్షణ సంస్థలు పని నడిపాయి. సర్టిఫికెట్, చేరిక, మూడు నెలల నిలకడ అనే మెట్లను స్వతంత్ర సంస్థ సరిచూశాకే, ఫలితం వస్తేనే ఇస్తామని ఒప్పుకున్న దాతలు పెట్టుబడిదారులకు డబ్బు చెల్లించాలి. పని జరగకపోతే నష్టం పెట్టుబడి పెట్టినవాళ్లది. చిన్న శిక్షణ సంస్థ మునిగిపోకుండా ఫలితానికి కట్టుబడేలా చేసే కిటుకు అదే.

ఇక అసలు సంగతి, నిలకడ. ప్లేస్‌మెంట్ రోజున ఫొటో తీయడం తేలిక. తొంభయ్యో రోజున ఆ అమ్మాయి అదే కంపెనీలో ఉందా అన్నది చూడటం కష్టం. మానేసేవాళ్లు ఎక్కువగా మొదటి ముప్పై నలభై రోజుల్లోనే మానేస్తారు, కారణాలూ ఎప్పుడూ ఉండేవే. ఆఫర్ లెటర్‌లో 13,000 అని ఉంటుంది. హాస్టలు, మెస్సు, బస్సు, యూనిఫాం, పీఎఫ్ పోగా చేతికి 8,000 వస్తుంది. ఆ మాట ముందుగా ఎవరూ చెప్పలేదు కాబట్టి మోసపోయామనుకుంటారు. జీతం నెల తిరిగాక పదో తేదీకి గానీ పడదు, అప్పటిదాకా చేతిలో పైసా ఉండదు. రాత్రి షిఫ్టు అని తెలిసిన రోజునే ఇంటినుంచి ‘వచ్చెయ్’ అని ఫోను వస్తుంది. తిండి పడదు, భాష రాదు. నవంబరులో చేరినవాళ్లు సంక్రాంతికి ఇంటికొచ్చి తిరిగి వెళ్లరు. తెలంగాణ జిల్లాల్లో బతుకమ్మ, దసరాలకూ ఇంతే. అనుభవమున్న సెంటర్ అయితే పండగకు ముందు నెలలో బ్యాచ్‌ను దూరప్రాంతానికి పంపదు, పండగ దాటించి పంపుతుంది. ఇంత చిన్న నిర్ణయం నిలకడ అంకెను మార్చేస్తుంది. కానీ నిలకడకు డబ్బు లేనప్పుడు క్యాలెండర్ చూసి బ్యాచ్ పంపాల్సిన అవసరం సెంటర్‌కు ఏముంది?

నిలకడకు కట్టడం మొదలైతే సెంటర్ చేసే పనులే మారతాయి. చేతికొచ్చే జీతాన్ని కోర్సు మొదటి వారంలోనే తల్లిదండ్రుల ముందు కాగితం మీద లెక్కేసి చూపిస్తారు. వీలైతే నాన్ననో అన్ననో ఒకసారి కంపెనీకి, హాస్టలుకు తీసుకెళ్తారు. ఒక్కరిని విడిగా పంపకుండా ఒకే మండలం నుంచి నలుగురైదుగురిని కలిపి పంపుతారు. మొదటి జీతం పడేదాకా సర్దుబాటు సొమ్ము అందేలా చూస్తారు. గ్రామీణ కౌశల్య యోజనలో ఇందుకు నెలకు వెయ్యి రూపాయలు ఉంది: సొంత జిల్లాలో అయితే రెండు నెలలు, రాష్ట్రంలో మూడు, రాష్ట్రం దాటితే ఆరు. అయితే అది చేరిన పది రోజుల్లో అందాలి. మానేసి ఇంటికొచ్చాక ఖాతాలో పడితే ఎవరికి ఉపయోగం?

చెల్లింపు వరసకు మా సూచన ఇది. రెండు వారాల హాజరు చూశాక 30 శాతం, బయటి సంస్థ పరీక్షలో పాసయ్యాక 20, మొదటి జీతం బ్యాంకులో పడ్డాక 20, తొంభై రోజులు దాటాక 20, నూట ఎనభై రోజులకు చివరి 10. అన్నీ మనిషి లెక్కన కట్టాలి, బ్యాచ్ శాతం లెక్కన వద్దు. అప్పుడు 14కూ 15కూ మధ్య గట్టు ఉండదు, ఎనిమిదోవాడికీ విలువ ఉంటుంది. మొత్తం డబ్బును ఫలితానికే కట్టాలనే ఉత్సాహవంతులు కొందరున్నారు. వాళ్లతో మేం ఏకీభవించం. తొమ్మిది నెలలు సొంత డబ్బుతో నడపగలిగేది పెద్ద కంపెనీలే. పాడేరులోనో ఉట్నూరులోనో ఉన్న చిన్న సంస్థ మొదటి బ్యాచ్‌కే మూతపడుతుంది.

సాక్ష్యం ఏది అన్న ప్రశ్నకు ఇప్పుడు కొంత మెరుగైన జవాబే ఉంది. 2025 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజనలో, మొదటిసారి ఉద్యోగంలో చేరినవాళ్లకు 15,000 వరకు రెండు విడతల్లో ఇస్తున్నారు: ఆరు నెలలు పనిచేశాక ఒకటి, పన్నెండు నెలలకు రెండోది. కొత్తగా ఉద్యోగాలిచ్చిన యజమానికి నెలకు 3,000 వరకు వచ్చేదీ ఆ ఉద్యోగి ఆరు నెలలు నిలిస్తేనే. రెండింటికీ ఆధారం ఉద్యోగుల పీఎఫ్ చూసే ఈపీఎఫ్ఓ రికార్డే. కార్మికుడికి నిలకడ షరతు, యజమానికి నిలకడ షరతు. ఆ ఇద్దరినీ కలిపిన శిక్షణ సంస్థకు మాత్రం ఏ షరతూ వద్దట! అభ్యర్థి పీఎఫ్ ఖాతా నంబరు యూఏఎన్‌ను శిక్షణ రికార్డుకు జోడిస్తే, కంపెనీ నెలనెలా దాఖలు చేసే చలానాలో ఆ పేరు ఉందో లేదో కాగితం అడగకుండానే తెలిసిపోతుంది.

పీఎఫ్ చట్టం సాధారణంగా 20 మంది, ఆపైన పనిచేసే సంస్థలకే వర్తిస్తుంది. గుంటూరు బట్టల కొట్టులో, వరంగల్ డయాగ్నొస్టిక్ సెంటర్‌లో చేరినవాళ్లు ఆ వలలో పడరు. వాళ్లకు బ్యాంకు ఖాతాలో వరసగా మూడు జీతాలు పడ్డట్టు స్టేట్‌మెంట్ చాలు. చేతికి నగదు ఇచ్చేచోట తనిఖీదారు స్వయంగా వెళ్లి చూడాలి. ఏసీ మెకానిక్, టైలరింగ్ లాంటి సొంత పనులకు నిలకడ అనే కొలత అతకదు. అక్కడ యూపీఐ క్యూఆర్‌కు ఆరు నెలల్లో వచ్చిన రాబడి చూడవచ్చు. అదీ లోపం లేనిది కాదు. బావమరిదితో డబ్బు వేయించుకుని, తిరిగి ఇచ్చేయడం ఎవరికి చేతకాదు?

ఫోన్ తనిఖీలో తరచూ ఎదురయ్యే చిక్కు నంబరు మారిపోవడం. కొత్త ఊరు వెళ్లగానే కొత్త సిమ్ తీసుకుంటారు. అందుకే చేరేటప్పుడే అమ్మ నంబరు, ఊళ్లో డ్వాక్రా సంఘం లీడరు నంబరు కూడా రాసుకోవాలి. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో మూడుసార్లు ప్రయత్నించాకే ‘దొరకలేదు’ అని రాయాలి. షిఫ్టులో ఉన్నవాళ్లు పగలు ఫోన్ ఎత్తరు, ఎలక్ట్రానిక్స్ ప్లాంట్లలోనైతే లోపలికి ఫోనే తీసుకెళ్లనివ్వరు. జిల్లా మొత్తమ్మీద పది శాతం నమూనా అంటే చిన్న సెంటర్‌లో ముగ్గురే వస్తారు, దాన్నిబట్టి ఏమీ తేల్చలేం. సెంటర్‌కు కనీసం 30 మందిని, అంతకన్నా తక్కువుంటే అందరినీ చూడాలి. ఆ నమూనాలో తేడా ఎంత శాతం ఉంటే బిల్లు మొత్తంలో అంత శాతం కోత పడుతుందని ఒప్పందంలో ముందే రాసుకోవాలి. తనిఖీ సంస్థకు డబ్బు శిక్షణ సంస్థ ఇవ్వకూడదు.

ఈ పద్ధతి మీద ఒక గట్టి విమర్శ ఉంది, అది నిజం కూడా. ఫలితానికి కడితే సంస్థలు తేలికగా ఉద్యోగం వచ్చేవాళ్లనే ఏరుకుంటాయి. బ్రిటన్‌లో 2011లో తెచ్చిన వర్క్ ప్రోగ్రామ్ మీద వచ్చిన ఫిర్యాదు ఇదే: మీగడ తీసుకుని, కష్టమైనవాళ్లను పక్కన కూర్చోబెట్టారని. నేపాల్‌లో 2008లో మొదలైన ఎంప్లాయ్‌మెంట్ ఫండ్ దీనికి సూటైన మందు వేసింది. వెనకబడిన వర్గాల మహిళ ఉద్యోగంలో నిలిస్తే ఎక్కువ ప్రోత్సాహకం, ఎలాగూ దొరికే అవకాశమున్నవాడికి తక్కువ. మన దగ్గరా పదో తరగతి తప్పినవాళ్లకు, చెంచు, కోలాం లాంటి ఆదివాసీ యువతకు, దివ్యాంగులకు, చిన్న పిల్లలున్న తల్లులకు రేటు పెంచాలి. ఐదు పది శాతం పెంచితే ఎవరూ పట్టించుకోరు. వాళ్లను నిలబెట్టడానికయ్యే శ్రమను చూస్తే కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. రేటుతోపాటు జీతానికీ కింది గీత ఉండాలి. కనీస వేతనం కన్నా తక్కువిచ్చే కొలువును ఫలితంగా లెక్కించకూడదు.

చివరికి ఇవన్నీ ఆగిపోయేది ఖజానా దగ్గర. డిసెంబరులో మొదలైన బ్యాచ్‌కు మూడు నెలల శిక్షణ, ఉద్యోగానికి రెండు నెలలు, నిలకడకు ఆరు నెలలు కలిపితే ఆఖరి చెల్లింపు మరుసటి ఆర్థిక సంవత్సరంలో పడుతుంది. మార్చి 31తో బడ్జెట్ మురిగిపోతే ఆ బాకీ ఎవరిదీ కాదు. ప్రభుత్వ బిల్లులు చెల్లించే ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో బిల్లు పెట్టి, టోకెన్ నంబరు చేతపట్టుకుని నెలల తరబడి ఎదురుచూడటమంటే ఏమిటో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పని చేసిన ఎవరినడిగినా చెబుతారు. ఫలితం చూపించినవాడికి సకాలంలో డబ్బు కట్టకపోతే రెండో ఏడాదికి నిజాయితీపరులే ముందు తప్పుకుంటారు, ఆలస్యాన్ని రేటులో కలుపుకోగలిగినవాళ్లే మిగులుతారు. కాబట్టి ఒప్పందం సంతకం చేసే రోజే మూడేళ్ల ఫలితాల సొమ్మును విడి ఎస్క్రో ఖాతాలో, అంటే షరతు తీరినప్పుడే డబ్బు బయటికొచ్చే ఖాతాలో వేయాలి. తనిఖీ నివేదిక అందిన 45 రోజుల్లో చెల్లించాలి, దాటితే వడ్డీ కట్టాలి.

రెండు రాష్ట్రాలూ ఒక్కో పనితో మొదలుపెట్టవచ్చు: ఒక రాష్ట్రంలో ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ, ఇంకోదాంట్లో ఆసుపత్రి సహాయకుల కోర్సు. ఒక్కోదానికి 1,500 మంది, మూడేళ్లు. సంస్థల ఎంపికలో మాత్రం అందరికన్నా తక్కువ రేటు కోట్ చేసినవాడికే పని అనే ఎల్1 టెండరు పద్ధతి పక్కన పెట్టాలి. తక్కువకు పాడుకున్నవాడు మొదట కోత పెట్టేది ప్లేస్‌మెంట్ ఆఫీసరు జీతానికే. రేటును ప్రభుత్వమే ప్రకటించి, గత రెండేళ్లలో ఎవరి అభ్యర్థులు తొంభై రోజులు నిలిచారన్నదాన్ని బట్టి పని ఇవ్వాలి. ఆ తొంభై రోజుల అంకెను సెంటర్ పేరుతో సహా ప్రతి మూడు నెలలకూ జిల్లా వెబ్‌సైట్‌లోనూ, మండల సమాఖ్య ఆఫీసు గోడ మీదా పెట్టాలి, కొత్త బ్యాచ్‌లో చేరబోయే పిల్లలు చూసుకునేలా.

ఇట్లు,
నైపుణ్య శిక్షణ కేంద్రాల ప్లేస్‌మెంట్, తనిఖీ విభాగాల్లో పనిచేసే కొందరు