ఆ భోషాణం ఇచ్చెయ్యకురా, నేను వస్తున్నా

ఒరేయ్,

నీ మెసేజ్ పొద్దున్నే చూశాను, అప్పట్నుంచి ఏ పని మీదా మనసు నిలవట్లేదు. మీ మామ్మగారి భోషాణం మూత పడట్లేదు, అడుగు చెక్క చెద తినేసింది, ఇల్లు ఖాళీ చెయ్యాలి కాబట్టి పాతసామాన్ల వాడికి ఇచ్చేస్తున్నా అని రాశావు. ఆగరా బాబూ. వచ్చే ఆదివారం దాకా ఆగు. ఫోన్ చేద్దామనుకున్నా గానీ ఫోన్లో అయితే నువ్వు ఊఁ ఊఁ అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా. పొడుగవుతుంది, టీ పెట్టుకుని చదువు.

నేను ఊరొచ్చేసి పది నెలలైంది కదా. లాప్‌టాప్ పని మధ్యాహ్నం నుంచి, పొద్దున్నంతా ఖాళీ. వచ్చిన కొత్తలో పశువుల పాక సర్దుదామని తలుపు తీస్తే గడ్డి కింద, పాత గోనెల కింద మా భోషాణం, కోడు విరిగిన పడక్కుర్చీ, ఉయ్యాలబల్ల, దాని గొలుసులు, రెండు నులక మంచాలు. నువ్వు సెలవులకి మా ఊరొచ్చినప్పుడు మనం ఎక్కి గెంతిన భోషాణమే అది. దాని మీద పచ్చ ఎనామిల్, కింద నీలం, దాని కింద చాక్లెట్ రంగు, ఏ సంక్రాంతికి తలుపులకి వేయగా ఏ డబ్బా మిగిలితే అది పూసేశారు. అడుగు నుంచి మూరెడు ఎత్తున ఒక నల్ల గీత ఉంటే ఏంటని నాన్నని అడిగాను, 86 ఆగస్టులో గోదావరి వరదొచ్చినప్పుడు ఇంట్లోకి నీళ్ళు అంతవరకూ వచ్చాయంట, బియ్యం మంచం మీదకి ఎక్కించారు గానీ దీన్ని కదపలేక వదిలేశారంట. అన్ని రోజులు బురదలో నానినా అలాగే నిలబడి ఉందిరా. అక్కడ పట్టుకుంది నాకు.

మా ఊళ్ళో వడ్రంగి మేస్త్రి గారొకరు ఉన్నారు, డెబ్భై దాటాయి, ఇప్పుడు పని మానేశారు, కళ్ళు సరిగ్గా కనపడవు గానీ చెయ్యి మాత్రం అన్నీ చూస్తుంది. ఆయన్ని బండి మీద తీసుకొచ్చాను. రాగానే రంగు వైపు చూడనే లేదు, మూత ఎత్తి అడుగు వైపు అరచేయి పెట్టి రాసి, ఇది మిల్లు కోత కాదు బాబూ, ఇద్దరు నిలబడి కోసిన రంపం అన్నారు. నిజమే, వెలుతురుకి వాల్చి చూస్తే గీతలు నిలువుగా, ఒకటి దగ్గరగా ఒకటి దూరంగా ఉన్నాయి. మిల్లులో గుండ్రటి రంపం అయితే విల్లులాగా వంగిన గీతలు పడతాయంట. ఇప్పుడు నేను ఎవరింటికెళ్ళినా బల్ల కింద చెయ్యి పెట్టి చూస్తున్నాను.

తర్వాత ఏం జరిగిందో నీకు చెప్పాలనే ఈ ఉత్తరమంతా. మూల దగ్గర రంగు గీకితే ఒక చిన్న గుండ్రం కనపడింది, అర్ధరూపాయి కంటే చిన్నది. అది చెక్క మేకు. ఇనప మేకు ఒక్కటీ లేదు. మేస్త్రి గారు దాని వెనక వైపు ఒక కర్రముక్క ఆనించి చెక్క సుత్తితో రెండు దెబ్బలు, గట్టిగా కూడా కాదు, టక్ టక్ అని, ఆ మేకు ఇవతలకి వచ్చేసింది. అన్నేళ్ళు లోపల ఉన్నది చేతిలో పెట్టారు, నున్నగా ఉంది, ఒక చివర సన్నం. నాలుగు మేకులు తీసి పలక పట్టుకుని ఊపితే కుసి, అంటే పలక చివర నాలుకలా చెక్కిన భాగం, అది దూరే బెజ్జంలోంచి జారి బయటికొచ్చింది. లోపల చెక్క తేనె రంగులో ఉందిరా! నిన్న కోసినట్టు. తోలు వాసన లాంటి వాసన వచ్చింది, అదే టేకు వాసనంట. ఆ కుసి మీద ఉలితో కొట్టిన రెండు గీతలు ఉన్నాయి, ఆ బెజ్జం పక్కన కూడా రెండు గీతలే. పక్క మూలకి మూడు, ఆ పైదానికి ఒకటి. ఏ కుసి ఏ బెజ్జంలోదో గుర్తు. మళ్ళీ విప్పేవాడికి తికమక పడకుండా పెట్టుకుంటారు బాబూ అన్నారు ఆయన, మామూలుగా, రోజూ చెప్పే మాటలాగా.

నాకు మాట రాలేదు. చేసినవాడే విప్పుతారని అనుకుని చేశాడురా. పాడవుతుంది, పాడైన ముక్క మార్చుకుంటారు, మళ్ళీ బిగించుకుంటారు అని. మనం కొంటున్న సామాను అలా కాదు, ఆ రంపప్పొట్టు అట్టలో స్క్రూ ఒకసారి వదులైతే మళ్ళీ పట్టదు, తడిస్తే ఉబ్బిపోతుంది, ఇక రోడ్డు మీద పెట్టడమే. నీ భోషాణం చచ్చిపోలేదు, దాని అడుగు పలక ఒక్కటే పోయింది. అది మార్చడానికి దాన్ని చేసినవాడు దారి వదిలే వెళ్ళాడు.

సరే, ఇప్పుడు అసలు పని. నేను చేసిన తప్పులు నువ్వు చెయ్యకు.

రంగు ముందు. గరుకు కాగితంతో పొడిగా బరబరా గీకకు, మంట పెట్టి కాల్చకు. పాత ఎనామిల్స్‌లో సీసం ఉండేది, మన దేశంలో ఇంటి రంగుల్లో 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) కంటే ఎక్కువ ఉండకూడదని రూల్ వచ్చింది 2016లో, అంటే మనం చూసేది అంతకు ముందు పూసిన పొరలు. ఆ దుమ్ము పిల్లలకి చాలా చెడ్డది, మీ చంటిది ఇంకా నేల మీద పాకుతోంది కదా. పెయింట్ రిమూవర్ రాసి, ఉబ్బాక ప్లాస్టిక్ గీకుడుతో తియ్యి, మాస్క్, గ్లౌజులు పెట్టుకో, కింద పాత ఫ్లెక్సీ పరిచి ఆ చెత్తంతా మూటకట్టు. మా దానికి మూడు పొరలకి నాకు పదకొండు రోజులు పట్టింది. చాక్లెట్ రంగు కింద ఇంకో పొర ఉంది, దాని మీద స్పిరిట్ దూది రాస్తే జిగటగా అయి దూదికి ఎర్రగా అంటుకుంది. అది లక్క పాలిష్. ఎనామిల్ అయితే స్పిరిట్‌కి అలా కరగదు, అదే పరీక్ష. కాబట్టి మొదట చేసినప్పుడు దానికి రంగు లేదు, లక్కే.

పుచ్చు సంగతి. సన్న చిల్లులు కనపడగానే కంగారు పడకు, అవి పాతవి కావచ్చు. కింద నల్ల కాగితం పరిచి వారం వదిలెయ్, పిండి లాంటి పొడి రాలితే పురుగు ఇంకా ఉన్నట్టు, రాలకపోతే ఎప్పుడో వెళ్ళిపోయింది. టేకులో చేవ, అంటే నడిమి గట్టి చెక్క, దాని జోలికి ఆ పురుగు దాదాపు పోదు, అంచున ఉండే తెల్ల చెక్కనే తింటుంది, నీది కూడా చూడు, చిల్లులన్నీ లేత రంగు ఉన్న చోటే ఉంటాయి. చెద వేరే, అది నేలలోంచి వస్తుంది, మట్టి నేల మీద నేరుగా పెట్టడం వల్లే అడుగు పోతుంది. అడుగు పలక కొత్తది వేశాక నాలుగు మూలలా రాతి ముక్కలు పెట్టాను, ఇప్పుడు దాని కిందకి చీపురు వెళ్తుంది.

కొత్త పలకకి మేస్త్రి గారు కొత్త చెక్క కొననివ్వలేదు. పాత గుమ్మం తలుపు రెక్క ఒకటి పాకలోనే ఉంటే దాన్ని చిత్రిక పట్టమన్నారు. పట్టే ముందు అయస్కాంతం తిప్పి చూడమని చెప్పారు, నేను పైపైన తిప్పి వదిలేశాను, మూడో తోపుకే లోపల విరిగిన మేకు తగిలి చిత్రిక బ్లేడు అంచు విరిగింది. ఆయన ఏమీ అనలేదు, సాన పట్టుకోమని రాయి ఇచ్చారు. మధ్యాహ్నం వరకూ అదే పని. ఇంకోటి, టేకులో సహజంగా నూనె ఉంటుంది, ఫెవికాల్ సరిగ్గా పట్టదు, అతికించే ముందు ఆ చోట థిన్నర్‌తో తుడిచి వెంటనే అతికించాలి. నిజానికి మనకి జిగురు అవసరం వచ్చింది చీలిన చోట ఒక్కటే.

పాలిష్ దగ్గర నేను తొందరపడ్డాను. గరుకు కాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 120, తర్వాత 220, ఎప్పుడూ చెక్క నారు వెంటే, అడ్డంగా ఒక్క గీత పడినా పాలిష్ వేశాక ముఖం మీద గాటు లాగా కనపడుతుంది. లక్క రేకులు స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, పాత నూలు పంచె గుడ్డలో దూది ఉండ కట్టి, పల్చగా పొర మీద పొర రుద్దాలి. అంతా బాగానే చేశాను గానీ ఆషాఢంలో ముసురు పట్టిన రోజు చేశాను. సాయంత్రానికి మూతంతా పాలు ఒలికినట్టు తెల్లబడిపోయింది. ఏడుపొచ్చిందిరా నిజంగా. మేస్త్రి గారు చూసి, గాల్లో తడి లోపల ఇరుక్కుంది, ఎండ కాసే దాకా ముట్టుకోకు అన్నారు. నాలుగు రోజులకి ఎండ వచ్చింది, ఉత్త స్పిరిట్ కొంచెం దూదికి అద్ది మెల్లగా రుద్దితే తెలుపంతా పోయి మళ్ళీ మెరుపు వచ్చింది. లక్కలో ఉన్న మంచి అదే, తప్పు చేసినా మళ్ళీ కరిగించుకోవచ్చు. ఆ వరద గీత మాత్రం గీకలేదు, నాన్న ఉంచమన్నారు, నాకూ ఉంచాలనే అనిపించింది.

ఇత్తడి బొడిపెలకి చింతపండు, ఉప్పు, అంతే. గొలుసులకి కిరసనాయిలు, వైర్ బ్రష్. మంచాలకి నులక నాన్న, నేను చెరో వైపు కూర్చుని రెండు సాయంత్రాల్లో అల్లేశాం, నాన్న చేతికి ఆ అల్లిక ఇంకా గుర్తుంది, నేను లాగి పట్టుకోవడమే.

ఇక మీ కొత్త ఫ్లాట్‌కి ఫామ్‌హౌస్ స్టైల్ డైనింగ్ టేబుల్ కొందామని మా చెల్లెమ్మ ఫోటో పంపింది. బాగుంది, కాదనను. అమెరికాలో వాళ్ళ పాత ధాన్యపు కొట్టాల పలకలు తీసి బల్లలు చేసుకుంటారు, ఆ గరుకు, ఆ మేకు మచ్చలు అందుకే. మరి మన కొట్టాం మనకి ఉంది కదా! మా పాక పైకప్పు విప్పినప్పటి టేకు దూలాలు రెండు, తాటి వాసాలు ఓ పది మిగిలాయి. తాటి వాసంలో బయట నల్లటి నారు ఉన్న భాగం ఇనుములా ఉంటుంది, లోపలిది బెండు, అందుకే బయటి చెక్కతోనే అరుగు మీదకి బెంచీ చేశాను, పేళ్ళు గుచ్చుకుంటాయి, చేతులు జాగ్రత్త. అదే దూలాలతో మీకు ఆరుగురు కూర్చునే బల్ల వస్తుంది, కొలత వేశాను. పైపలకలు వానాకాలం వెడల్పుకి ఉబ్బుతాయి, ఎండాకాలం కుదించుకుంటాయి, కాబట్టి కింద ఫ్రేముకి గట్టిగా బిగించకుండా స్క్రూ కన్నాలు కోలగా తీసి కొంచెం కదిలే చోటు వదలాలి, లేదంటే మొదటి వేసవికే మధ్యలో చీలుతుంది. దానికి లక్క వద్దు, వేడి గిన్నె పెడితే మచ్చ పడుతుంది, షాపులో బాయిల్డ్ అని అమ్మే అవిసె నూనె పట్టిద్దాం. ఒక్కటి మాత్రం మర్చిపోకు, ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు, తీగ మీద విడివిడిగా ఆరెయ్యాలి.

సొరుగులకి పిడులు నేను లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక నుంచి తెచ్చాను, అంకుడు కర్రతో తిప్పి లక్క రంగులు పట్టిస్తారు, తిరుగుతున్న కర్రకి లక్క ముక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది, మొగలి ఆకుతో మెరుగు. పసుపు రంగువి ఆరు తీసుకున్నా, రెండు నీ కోసం ఉంచాను.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. పాతసామాన్ల వాడికి వద్దని ఈరోజే చెప్పెయ్. భోషాణం లోపల సామాను తీసి, మూత బందులు విప్పి వేరుగా పెట్టు, పెట్టెని ఎత్తేటప్పుడు అడుగు పట్టుకోకు, పక్క కడ్డీలు పట్టుకోవాలి. విరిగి పడిన ముక్కలు, ఎంత చిన్నవైనా, ఒక సంచిలో వెయ్యి, ఊడ్చెయ్యకు. మూలల్లో రంగు గీకి చెక్క మేకులు ఉన్నాయేమో చూసి ఫోటో పెట్టు. వచ్చే ఆదివారం ట్రాలీ ఆటో మాట్లాడుకుని పొద్దున్న ఏడింటికల్లా వస్తా, నువ్వు కూడా ఎక్కి వచ్చెయ్, రెండు రోజులు ఉండేలా. విప్పేటప్పుడు నువ్వు పక్కన ఉండాలి. మేస్త్రి గారికి చెప్పాను, మీ వైపు పని ఎలా ఉంటుందో చూడాలని ఆయనకీ ఉంది, ఎన్నింటికి వస్తారు అని అప్పుడే రెండుసార్లు అడిగారు.

తాళంచెవి మీ అమ్మగారి దగ్గర ఉందేమో కనుక్కో.

ఉంటా మరి.