సమితి వార్షిక నివేదిక: థర్మకోల్ లేని మన తొలి వేదిక

ప్రియమైన సమితి సభ్యులకు ప్రభువు నామంలో వందనాలు.

ఈ ఏడాది పనుల్లో చాలావరకు మీ కళ్ల ముందు జరిగినవే. క్రిస్మస్‌కు ముందు ఇంటింటికీ వెళ్లి పాటలు పాడడం, బడులు తెరిచే ముందు పాత పాఠ్యపుస్తకాలు పంచడం, మందిరం ఆవరణలో మొక్కలు నాటడం ఎప్పటిలాగే సాగాయి. జమాఖర్చుల పట్టికను కోశాధికారి సమావేశంలో విడిగా చదువుతారు. ఈ నివేదికలో ఎక్కువ చోటు మే నెలలో జరిగిన పిల్లల వేసవి బైబిలు పాఠశాలకు, అందులోనూ ముగింపు రోజు వేదిక అలంకరణకు ఇస్తున్నాను. ఈసారి పని చేసే పద్ధతినే మార్చుకున్నాం. వచ్చే ఏడాది ఈ బాధ్యత తీసుకునేవారికి ఆ వివరాలు కాగితం మీద ఉండాలి.

ఇన్నేళ్లూ మన వేదిక అంటే థర్మకోలే. తెల్లటి పలకలు తెచ్చి నక్షత్రాలు, అక్షరాలు, దేవదూతల రెక్కలు కోసేవాళ్లం. కార్యక్రమం అయిన మర్నాడు అవన్నీ మందిరం వెనక గోడ పక్కకు చేరేవి. సముద్రపు గాలికి విరిగి, పూసలు పూసలుగా రాలి మురుగు కాలువ దాకా కొట్టుకుపోయేవి. థర్మకోల్ అంటే పాలిస్టైరీన్ పూసలను ఆవిరితో ఉబ్బించి ఒకదానికొకటి అంటుకునేలా చేసిన పలక. అందుకే విరిగితే మళ్లీ పూసలే అవుతుంది, మట్టిలో మాత్రం కలవదు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో అలంకరణ థర్మకోల్ కూడా ఉంది. నిరుటి సమావేశంలో ఒక సోదరి ఈ సంగతి లేవనెత్తారు. పాత పలకలు మిగిలి ఉన్నాయి కదా అని నిషేధం వచ్చాక కూడా మేము వాడడం పొరపాటే. ఉదయం పిల్లలకు సృష్టి గురించి పాఠం చెప్పి, సాయంత్రం ఆ పూసలను గాలికి వదిలేశామన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఈసారి సోఫాలు, పరుపులు కుట్టే దుకాణాల్లో మిగిలిపోయిన ఫోమ్ ముక్కలు అడిగి తెచ్చుకున్నాం. సన్నటి రంగు ఫోమ్ షీట్లు మాత్రం స్టేషనరీ దుకాణంలో కొన్నాం. చెప్పుల అడుగులకు వాడే ఇ.వి.ఎ. రకమే అది. వెనక ఆధారానికి ఫ్రిజ్ డబ్బాల అట్టలు, వెదురు బద్దలు వాడాం. ఫోమ్ కూడా ప్లాస్టికే, అదీ మట్టిలో కలిసేది కాదు. కనుక చేసిన ప్రతి వస్తువూ కనీసం నాలుగైదేళ్లు మళ్లీ మళ్లీ వాడాలని మొదటి రోజే తీర్మానించుకున్నాం.

ముగింపు రోజు వేదిక మీద చెప్పిన కథ బైబిల్లోని యోనాది, పెద్ద చేప మింగిన ప్రవక్త అతడు. అట్ట మీద నేను గీసింది తిమింగలం బొమ్మ. మత్స్యకారుల పేట పెదజాలారిపేట నుంచి ఆరాధనకు వచ్చే తాతగారు దాన్ని చాలాసేపు చూసి, "ఇది తిమింగలమా, చేపా?" అని అడిగారు. యోనా గ్రంథం తెరిచి చూస్తే మొదటి అధ్యాయంలో 'గొప్ప మత్స్యము' అనే ఉంది. "అయితే తోక మార్చాలమ్మా. తిమింగలం తోక నేల మీద పరిచినట్టు ఉంటుంది, చేప తోక నిలువుగా ఉంటుంది" అని చెప్పి, చేతిని నిలువుగా పెట్టి అటూ ఇటూ ఆడించి చూపించారు. అప్పుడు ఒక పిల్లవాడు 2021 డిసెంబరులో విశాఖ దగ్గరి తంతడి తీరంలో వలకు చిక్కిన తిమింగల సొర గురించి గుర్తుచేశాడు. మత్స్యకారులు, అటవీ శాఖవారు కలిసి దాన్ని తిరిగి సముద్రంలోకి పంపిన వార్త మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పేరులో తిమింగలం ఉన్నా అది చేపే. లోకంలోని చేపలన్నిటిలోకీ పెద్దది, ఒంటి నిండా తెల్ల చుక్కలు. మన గొప్ప మత్స్యానికి ఆ రూపమే ఇచ్చాం. తోక నిలబెట్టాం.

చేప పొడవు పదకొండు అడుగులు. తల, నడుము, తోక మూడు భాగాలు. చిన్న బొమ్మ మీద గళ్లు గీసి, అవే గళ్లను అట్ట మీద పెద్దవిగా గీస్తే పిల్లలే ఒక్కో గడిని చూసి రూపం పెంచగలిగారు. మందపు ఫోమ్‌ను కత్తెరతో కోస్తే అంచు మెట్లు మెట్లుగా వస్తుంది. రెండు చెక్కల మధ్య నొక్కిపెట్టి, కట్టర్ బ్లేడును పూర్తిగా బయటికి తీసి ఒక్క లాగులో కోస్తే నున్నగా తెగుతుంది. ఈ పని పెద్దవాళ్లే చేశారు. రబ్బరు జిగురును రెండు వైపులా రాసి, వేలికి అంటుకోనంత ఆరాక నొక్కాలి. తొందరపడితే అతుకు నిలవదు. ఆ జిగురు వాసన తలకెక్కుతుంది కాబట్టి వరండాలోనే పని పెట్టుకున్నాం.

రంగు దగ్గర మొదట దెబ్బతిన్నాం. గోడలకు వేసే ఎమల్షన్‌ను చిక్కగా పూశాం. రాత్రికి ఆరి అందంగానే కనిపించింది. పొద్దున చేపను పక్కకు జరపగానే నడుము మీద రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది. ఫోమ్ వంగుతుంది, ఆ రంగు వంగదు. పెచ్చులు దులిపి, ఈసారి ఎమల్షన్‌లో ఫెవికాల్, నీళ్లు కలిపి పలుచన చేసి, పాత స్పాంజి ముక్కతో అద్దాం. అది లోపలికి ఇంకి, వంచినా ఊడకుండా నిలిచింది. తెల్ల చుక్కలను ఇ.వి.ఎ. షీట్‌తో చిన్న పిల్లలే కత్తిరించారు. ఒక అమ్మమ్మగారు గుడ్డ కప్పి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే ఆ షీట్ మెత్తబడి, చల్లారాక వంపు అలాగే నిలిచింది. చేప రెక్కల మొనలన్నీ ఆవిడ చేతి పనే.

నాలుగో అధ్యాయంలో యోనాకు నీడనిచ్చింది సొరచెట్టు. సొర చేప, సొర పాదు ఒకే వేదిక మీదకు వచ్చాయని పిల్లలు తెగ సంబరపడ్డారు. ఆకులు ఇ.వి.ఎ. షీట్‌వి, తీగ కొబ్బరి తాడు. కథలో పురుగు తొలిచినప్పుడు ఆ చెట్టు వాడిపోవాలి కదా. ప్రతి ఆకు తొడిమకూ దారం కట్టి, దారాలన్నీ వేదిక వెనక ఒక అబ్బాయి చేతికిచ్చాం. అతడు మెల్లగా వదులుతుంటే ఆకులు ఒకటొకటే తల వాల్చాయి. ఆ క్షణంలో వెనక వరుసల్లోని తల్లిదండ్రులు కూడా మాటలు ఆపేశారు. నాకు ఈ ఏడాది మొత్తంలో గుర్తుండే దృశ్యం అది.

ఒక విషయంలో కొందరు పెద్దలకు అసంతృప్తి ఉంది. ముగింపు ప్రార్థనలో పిల్లలు కొవ్వొత్తులు పట్టుకుని వేదిక ఎక్కే అలవాటును ఈసారి ఆపాం. సోఫా ఫోమ్ అంటుకుంటే చూస్తుండగానే మంట పాకుతుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సైనైడ్ వంటి విషవాయువులు ఉంటాయి. అందుకే బ్యాటరీ దీపాలు ఇచ్చాం, వేడెక్కే హాలోజన్ దీపాలను తీసి ఎల్.ఇ.డి. దీపాలు పెట్టాం, వేదిక పక్కన ఇసుక బకెట్లు, అగ్నిమాపక సిలిండరు ఉంచాం. ఆ కొవ్వొత్తుల అందం నాకూ ఇష్టమే. అయినా ఫోమ్ వేదిక ఉన్నంతకాలం ఈ నియమం సడలించవద్దని సమితిని కోరుతున్నాను.

సామగ్రిని ఇప్పుడు మందిరం మేడ గదిలో పాత నూలు చీరల్లో చుట్టి ఉంచాం. ఎండ తగిలితే ఫోమ్ పచ్చబడి పొడి రాలుతుంది. ప్లాస్టిక్ సంచిలో బిగిస్తే మన ఊరి తేమకు బూజు పడుతుంది. నెలకోసారి కిటికీలు తెరిచి నీడలోనే గాలి తగిలేలా చూడాలి. వేదికకు చేసిన సముద్రపు అలల బొమ్మలను పక్క పేట ఆదివారపు బడివారు తమ కార్యక్రమానికి అడిగి తీసుకెళ్లి, జాగ్రత్తగా తిరిగి ఇచ్చారు. ఇంకెవరు అడిగినా ఇవ్వాలని నా అభిప్రాయం.

చేప తోక దగ్గర అతుకు ఒకటి ఊడింది. క్రిస్మస్ పనులు మొదలయ్యేలోగా దాన్ని సరిచేయాలి. తోకను నిలువుగా పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. గది తాళం నా దగ్గరే ఉంది, ఏ శనివారం సాయంత్రమైనా రావచ్చు.

ఇట్లు,
కార్యదర్శి