ఆ స్కోపు మళ్లీ ఎందుకు వెనక్కొచ్చిందంటే

పాత టెస్ట్ మెషీన్లు మా దుకాణంలో ఇచ్చి ఎదురుచూస్తున్న అందరికీ నమస్కారం. డెలివరీలు నెల రోజులుగా ఎందుకు ఆగాయని అడుగుతున్నారు. కారణం ఒక ఆసిలోస్కోపు (వోల్టేజీ మార్పుల్ని తెర మీద గీతగా చూపే మెషీన్), దాని విషయంలో నేను చేసిన పొరపాటు.

ఆ సెట్ రామగుండంలో ఉండే ఒక రిటైర్డ్ లెక్చరర్ సార్‌ది. 1970ల నాటిది, ట్రాన్సిస్టర్లతో నడిచేది. ఆన్ చేసిన ముప్పావు గంటకు తెర మీది గీత మెల్లగా పైకి పాకి మాయమవుతుంది. ఆపేసి పది నిమిషాలాగి వేస్తే, ఏమీ ఎరగనట్టు మళ్లీ వస్తుంది. జనవరిలో తెచ్చారు. మూత తీసి, లోపలి పార్టులకు అందే సప్లై వోల్టేజీలు చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. యాభై ఏళ్ల కెపాసిటర్లు (ఛార్జి నిలవచేసే పార్టులు) కదా, అవే పోయుంటాయని ఆరింటిని మార్చాను. రెండు రోజులు నడిపితే గీత కదల్లేదు. బిల్లు తీసుకుని పంపేశాను.

ఏప్రిల్‌లో సెట్ తిరిగొచ్చింది. అదే జబ్బు. సార్ ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

పప్పులో కాలేసింది మూత దగ్గరే. ఫ్యాను కింద, మూత తీసిపెట్టి, జనవరి చలిలో చూస్తే వేడికి వచ్చే జబ్బు ఎలా బయటపడుతుంది? సార్ గదిలో ఎండాకాలం 42 డిగ్రీలు. ఈసారి నాలుగు సప్లై పాయింట్లకు సన్నటి వైర్లు అతికి, గాలి రంధ్రాల్లోంచి బయటికి లాగి, మూత బిగించి, నాలుగు మీటర్లు పెట్టుకుని కూర్చున్నాను. 43వ నిమిషంలో మూడు మీటర్లు చెక్కుచెదరలేదు. మైనస్ 12 వోల్టులది మాత్రం మైనస్ 9కి జారింది, గీత దాని వెంటే పోయింది.

తర్వాత మూత తీసి, హెయిర్ డ్రయ్యర్‌కు అట్టముక్కతో గరాటు చుట్టి ఒక్కో పార్టునే వేడిచేస్తూ, ఫ్రీజ్ స్ప్రేతో చల్లారుస్తూ వెతికాను. ఇక్కడ ఇంకో తప్పు చేశాను. సిలికాన్ ట్రాన్సిస్టర్ బేస్ వోల్టేజీ డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు మారడం దాని సహజ గుణం. స్ప్రే కొట్టగానే గీత కాస్త కదిలిందని దాన్నే దొంగ అనుకోకూడదు. అలా అనుకునే రెండు మంచి ట్రాన్సిస్టర్లు పీకాను. (మీరెవరూ ఇంట్లో ఈ డ్రయ్యర్ పని చేయకండి. తెర వెనకుండే పిక్చర్ ట్యూబు దగ్గర వేల వోల్టులుంటాయి, స్విచ్ ఆపినా కొంతసేపు నిలిచే ఉంటాయి.)

చివరికి దొరికింది డ్రై సోల్డర్, అంటే సరిగ్గా అంటుకోని అతుకు. రెగ్యులేటర్‌కు (వోల్టేజీని నిలకడగా ఉంచే భాగం) కరెంటు అందించే పెద్ద వైర్‌వౌండ్ రెసిస్టర్ కాలు, అంటే బోర్డుకు అతికే తీగ, దాని చుట్టూ, భూతద్దంలో తప్ప కనబడనంత సన్నటి పగులు. వేసినప్పుడల్లా కాలు వేడికి సాగడం, ఆపినప్పుడల్లా ముడుచుకోవడం. ఇన్నేళ్లు అలా లాగిలాగి సోల్డర్ చిట్లింది. వేడెక్కితే కాంటాక్టు వదులవుతుంది, చల్లారితే అంటుకుంటుంది. జనవరిలో ఎందుకు బాగైనట్టు కనిపించిందంటే, కెపాసిటర్లు మార్చేటప్పుడు బోర్డును అటూ ఇటూ వంచాను, అప్పుడు జాయింటు తాత్కాలికంగా సర్దుకుంది. పాత ఆరు కెపాసిటర్లు డ్రాయర్లోనే ఉంటే మొన్న కొలిచాను. ఆరూ బాగానే ఉన్నాయి. వాటి డబ్బు, నా కూలీ సార్‌కు తిరిగిచ్చేశాను. పాత సోల్డర్ పీల్చేసి, కాలు గీకి, కొత్తది పెట్టడానికి పట్టింది పది నిమిషాలు. వెతుకులాటకు పట్టింది మూడు వారాలు.

ఇకపై ప్రతి పాత సెట్‌నూ మూత బిగించి, బల్బు పెట్టిన చెక్కపెట్టెలో 45 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు నడిపి, ఆపి పూర్తిగా చల్లార్చి, మళ్లీ నాలుగు గంటలు నడిపాకే ఇస్తాను. దీనికి అదనంగా ఏమీ తీసుకోను. కానీ పెట్టెలో ఒకసారికి ఒక్క సెట్టే పడుతుంది, వరసలో ఏడు ఉన్నాయి, కాబట్టి ఇంకో రెండు వారాలు ఓపిక పట్టండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నా దగ్గర బాగుచేయించుకున్నవాళ్లు, ఈ ఎండల్లో సెట్ మొరాయిస్తే తెచ్చేయండి, ఉచితంగా చూస్తాను. తెచ్చేటప్పుడు మాత్రం ఎన్ని నిమిషాలకు పాడవుతోందో, ఆ గదిలో ఏసీ ఉందో లేదో, సెట్ గోడకు ఆనించి ఉందో లేదో చీటీ రాసి అంటించండి. "అప్పుడప్పుడు వస్తోంది" అంటే నాకేమీ అర్థం కాదు.

సోమవారం దుకాణం ఉండదు. సార్ స్కోపును నేనే రామగుండం తీసుకెళ్లి, ఆయన గదిలోనే మధ్యాహ్నమంతా నడిపి చూసి వస్తాను.