మీ కథ మీ నోటితోనే కావాలి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శనివారం, నో బ్యాగ్ డే నాడు, మన కర్నూలు వాళ్లు కొందరు పిల్లల ముందు కూర్చుని ఈ ఊళ్లో తాము ఎలా బతికారో చెప్పారు. పిల్లల అవ్వలు, తాతలు, అమ్మలు, బడి పక్కన అంగడి పెట్టుకున్నవాళ్లు వచ్చారు. వచ్చే నెల మళ్లీ పెడుతున్నాం. అందుకని ఈసారి పరీక్షల సంగతి తర్వాతి సంచికకు వదిలి దీని గురించే రాస్తున్నాను.

"మీది ఏ ఊరు?" అని క్లాసులో అడిగితే మన పిల్లల్లో చాలామంది కోడుమూరు అనో, ఆలూరు అనో, పత్తికొండ అనో చెబుతారు. పుట్టింది, పెరుగుతున్నది మాత్రం ఇక్కడే. పండగకు పోయే ఊరే సొంతూరు అనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఉన్న ఊరు తనది కాదనుకున్న పిల్లకు తుంగభద్రలో చెత్త పారేసినా పట్టదు, పక్కింటి ముసలమ్మ పడిపోయినా పట్టదు. నా దిగులల్లా అదే.

పాతబస్తీ నుంచి వచ్చిన ఒక అవ్వ వరద గురించి చెప్పింది. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి ఊళ్లోకి వచ్చిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు బడిలో ఉన్న పిల్లలెవరూ అప్పటికి పుట్టలేదు. వాళ్లకు అది టీవీలో చూసే ఏదో ఒక వరద లాంటిదే. ఆ అవ్వ మిద్దె ఎక్కి కూర్చున్న రాత్రి గురించి రెండు మాటల్లో తేల్చేసింది. నీళ్లు పోయాక ఏం చేసిందో మాత్రం వివరంగా చెప్పింది. మోకాలి లోతు బురదలోంచి ట్రంకుపెట్టె బయటికి లాగి, కొడుకు పదో తరగతి సర్టిఫికెట్టును, రేషన్ కార్డును, ఇంటి కాగితాలను ఒక్కొక్కటే విడదీసి మిద్దె మీద ఆరబెట్టిందట. గాలికి ఎగిరిపోకుండా ఒక్కో కాగితం మీద ఒక్కో గులకరాయి పెట్టిందట. పక్క మిద్దె మీద కూడా అట్లాగే కాగితాలు, రాళ్లు. అంతకుముందు నీళ్ల కుళాయి దగ్గర గొడవపడి ఏడాదిగా మాటల్లేని ఆ రెండిళ్ల వాళ్లు, ఆ పూట ఒకరి కాగితాలకు ఒకరు కాపలా కాశారట.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి లేచి, "అప్పుడు ఊరు విడిచి పోదామనిపించలేదా అవ్వా?" అని అడిగింది. "యాడికి పోయేది తల్లీ? నన్ను పేరు పెట్టి పిలిచేటోళ్లంతా ఈన్నే ఉండారు కదా" అంది. నా ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక పిల్ల అడిగిన ప్రశ్నకు ఇంత సూటి జవాబు విన్న సందర్భాలు తక్కువ.

ఒక తాతగారిది శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిపోయిన ఊరు. 1980ల మొదట్లో ఇల్లు, పొలం వదిలి కుటుంబంతో కర్నూలు చేరారు. జలాశయంలో నీళ్లు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది కదా, ఆ రోజుల్లో తప్పకుండా పోయి చూసి వస్తారట. ఆ గుడి కాకుండా, మునకలోంచి తప్పించిన రూపాల సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి మన జగన్నాథగట్టు మీద మళ్లీ కట్టారు. "దేవుడికి గట్టు మీద చోటు దొరికింది. మాకు ఊరి చివర దొరికింది" అన్నారాయన. పిల్లలు పిక్నిక్‌కు పోయే గుట్ట అది. ఈసారి అక్కడికి తీసుకుపోయినప్పుడు ఆ రాళ్లను దగ్గరగా చూపించమని టీచర్లకు చెప్పాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులను ఇంకొక పెద్దాయన గుర్తుచేశారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆయన చిన్న పిల్లాడు. ఆఫీసులు డేరాల్లో నడుస్తుంటే చూడటానికి ఎగబడేవాళ్లమని చెప్పారు. పాఠ్యపుస్తకంలో ఉన్నదే కాబట్టి పిల్లలు దీన్ని త్వరగా పట్టుకున్నారు.

అందరికంటే తక్కువ మాట్లాడింది కోసిగి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మ. కుర్చీ అంచున కూర్చుని, కొంగు చేత్తో పట్టుకుని చెప్పింది. ప్రతి ఏడూ సుగ్గికి, అంటే కోతల కాలంలో వలస పనికి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయేవాళ్లు. పిల్లోడిని వెంట తీసుకుపోతే బడి పోతుంది, వదిలిపోతే చూసేవాళ్లు లేరు. చివరికి మొగుడూ పెళ్లాలు ఇద్దరూ కర్నూలు వచ్చి బేల్దారి పనిలో కుదిరారు. "ఈడుంటే మావోడు పొద్దున్నే బడికి పోతాడు, అంతే మేడం" అంది. ఈ ఊరు తనకు ఏమిటో ఆమె అంతకంటే చెప్పాల్సిన పని లేదు. ఆమె కొడుకు మన బడిలోనే ఉన్నాడు. వెనక వరుసలో కూర్చునే ఆ పిల్లాడు ఆ రోజు ముందుకొచ్చి అమ్మ పక్కన నిలబడ్డాడు.

ఇక మీతో ఒక మాట. ఇంట్లో అడిగి రాసుకు రమ్మంటే కొందరు పిల్లలు ఫోన్‌లో దొరికిన కర్నూలు చరిత్రను దించుకొచ్చారు. కొండారెడ్డి బురుజు గురించి నాలుగు పేరాలు, అన్నీ ఒకే మాటలు. కొన్ని నోట్‌బుక్కుల్లో పెద్దవాళ్ల చేతిరాత కనిపించింది. దయచేసి అట్లా చేయొద్దు. బురుజు గురించి మేం చెబుతాం. ఆ బురుజు కింద మీరు ఏ బస్సు కోసం నిలబడ్డారో, మొదటి జీతంతో ఏం కొన్నారో, అద్దెకు ఇల్లు ఇచ్చేది లేదని ఎవరన్నారో, ఎవరు పిలిచి ఇచ్చారో మీరే చెప్పాలి. మీ యాసలోనే చెప్పండి. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు ఉర్దూలోనే చెప్పండి. పిల్లలు విన్నది విన్నట్టు రాసుకోనివ్వండి, అక్షర దోషాలు మేం చూసుకుంటాం.

"మా కథలో ఏముంది మేడం" అని చాలామంది వెనక్కి తగ్గారు. బదిలీ మీద వచ్చినవాళ్లు "మేం ఈ ఊరివాళ్లం కాదు కదా" అన్నారు. ఈ జూన్‌లోనే వచ్చినవాళ్లయినా రండి. కొత్తగా వచ్చినప్పుడు ఈ ఊరు మిమ్మల్ని ఎట్లా చూసిందో మాకు తెలియాలి, చేదుగా ఉన్నా సరే.

చెప్పేటప్పుడు ఎవరూ వీడియో తీయకూడదు, స్టేటస్‌లో పెట్టకూడదు. పిల్లలు రాసిన కాపీలు మన లైబ్రరీలోనే ఉంటాయి. పేరు వద్దనుకుంటే రాయం. ఇంట్లో చెప్పుకోవడానికే కష్టమయ్యే సంగతులుంటే వాటిని అడగొద్దని పిల్లలకు ముందే చెప్పాం.

రాదలచుకున్నవాళ్లు ఈ నెలాఖరులోగా పిల్లల డైరీలో ఒక లైను రాసి పంపండి. కూలి పోగొట్టుకుని రావొద్దు. పనికి పోయేవాళ్ల కోసం సాయంత్రం ఐదున్నరకు ఇంకొక విడత పెడుతున్నాం. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లకు కింద గదిలోనే ఏర్పాటు చేస్తాం. పాత ఫోటోలుంటే తెండి, చూసి అప్పుడే తిరిగి ఇచ్చేస్తాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు
కర్నూలు