మా నాయన కాలు చాపాడు: ఆ పెద్దాయనకు కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం మా నాయన కుర్చీ చేతులు పట్టుకోకుండా లేచి నిలబడ్డాడు. రాత్రి నిద్ర పట్టలేదు, కళ్ళు మండుతున్నాయి. అయినా ఇవాళే రాస్తున్నాను. రేపు మళ్ళీ ఆఫీసు పనిలో పడితే ఇక రాయను.

తెలియనివాళ్ళకి: పొగాకు క్యూరింగ్ రోజుల్లో బ్యారన్‌లో (ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం) పైనుంచి జారి పడితే నాయన మోకాటి చిప్ప పగిలింది. ఒంగోలులో ఆపరేషన్ చేసి తీగతో బిగించారు. ఎముక అతుక్కుంది. కాలు మాత్రం పూర్తిగా చాచడానికి లేదు, మడవడానికి లేదు. చూడటానికి వచ్చినవాళ్ళంతా కీలు పట్టేసింది, ఇంక ఇంతే అని తేల్చేశారు.

చెకప్ నుంచి తిరిగొస్తూ ఒంగోలు బస్టాండులో కొండపి బస్సెక్కాం. నాయన కాలు దారికి అడ్డంగా ఉంటే ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు విసుక్కుంటున్నారు. పక్క సీటు పెద్దాయన తన సంచి కిందపెట్టి, దాని మీద నాయన మడమ ఆనించారు. ఎట్లా పడ్డాడు, ఎంత ఖర్చయింది అని అడగలేదు. "ఆ కాలు మీరుగా చాపలేకపోతున్నారా, ఇంకొకరు లేపినా సాగడం లేదా?" అన్నారు. ఇన్నాళ్ళలో ఏ డాక్టరూ మమ్మల్ని ఈ ప్రశ్న అడగలేదు. నేను మడమ కింద చెయ్యి పెట్టి లేపితే కాలు తిన్నగా వచ్చింది. చెయ్యి తీయగానే మోకాలు మళ్ళీ వంగింది. "అయితే చాచడానికి కీలు అడ్డం కాదమ్మా. తొడ కండరం పని మానేసింది" అన్నారు.

ఆయన దిగాల్సింది టంగుటూరులో. కండక్టరుని పిలిచి కొండపికి ఇంకో టికెట్ తీసుకుని మాతో ఇంటిదాకా వచ్చేశారు. ఎక్కడో రైల్వే ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేసి రిటైరయ్యారట. ముందు ఎక్స్‌రే, డిశ్చార్జి కాగితం చూశారు. ఆపరేషన్ చేసిన డాక్టరుకి నాచేత ఫోన్ చేయించి, ఆయన సరే అన్నాకే కాలు ముట్టుకున్నారు.

నేల మీద కూర్చుని నాయన మడమని తన ఒళ్ళో పెట్టుకున్నారు. నాయన గబుక్కున కాలు వెనక్కి లాక్కోబోయాడు. "అయ్యా, పెద్దోరు, మీ ఒళ్ళో నా కాలేంది!" అన్నాడు. "నా ఉద్యోగమంతా ఇదే కదయ్యా, పెట్టండి" అన్నారాయన. పగుళ్ళు పడి, మట్టి కొట్టుకుపోయిన మడమ అది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు అరిచినప్పుడు కూడా ఏడవలేదు.

తర్వాత ఆయన చెప్పిందంతా మాకు కొత్తే. కండరం లాగగలదే గానీ నెట్టలేదట. అందుకే కాలు చాచడానికి తొడ ముందు వైపు కండరాలు, మడవడానికి వెనక వైపువి, ఎవరి పని వాళ్ళది. ముందువి నాలుగు. నాలుగూ కలిసి చిప్పని పట్టుకుని, దాని మీదుగా కిందికి పోయి ముంగాలి ఎముకని లాగుతాయి. బావి మీద గిలక ఉంటే చేద తోడటం తేలికైనట్టు, చిప్ప ఉండబట్టే ఆ లాగుడికి బలం. మోకాలిలో దెబ్బా వాపూ ఉన్నన్నాళ్ళూ నరాలే ఆ కండరాన్ని గట్టిగా బిగుసుకోనివ్వవట. వాపు తగ్గినా దాన్ని మళ్ళీ పనిలోకి దించాలి, ఊరికే వదిలేస్తే రాదు.

పాత తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి, "దీన్ని నేలకేసి నొక్కండి" అన్నారు. మొదట ఏమీ కదల్లేదు. నాయన చెయ్యి తీసుకుని నాయన తొడ మీదే పెట్టించి, ఇంకోసారి అన్నారు. చర్మం కింద చిప్ప సన్నగా పైకి జరిగింది! నాయన నా వంక చూశాడు.

మడవడం ఇంకా కష్టమైంది. భయంతో నాయన ముందూ వెనకా రెండు వైపులా బిగపట్టేవాడు. వెనకవి లాగాలంటే ముందువి వదలాలి కదా. అప్పుడాయన పొగాకు వేలం సంగతి ఎత్తేవారు. రేటు మాట వస్తే మా నాయన ఊరుకోడు. ఆ కోపంలో కాలి సంగతి మర్చిపోయేవాడు, మోకాలు దానంతటదే ఇంకాస్త వంగేది. రెండు రెక్కల ప్లాస్టిక్ స్కేలు పెట్టి కొలిచేవారు. కుర్చీలోంచి సుళువుగా లేవాలంటే 90 డిగ్రీలైనా మడవాలట. మామూలు మోకాలు 135 దాకా పోతుంది. నాయనకి బాసింపట్టు వేసుకుని నేల మీద అన్నం తినాలని ఉంది. దానికింకా టైము పడుతుంది.

వారం వారం బస్సులో వచ్చేవారు. డబ్బిస్తే తీసుకోలేదు. అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి మాత్రం కాదనలేదు. పేరు రాయొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. సార్, ఇది మీ కంటపడితే, మీరు బస్సు దిగిపోతుంటే నేను సరిగా ఒక నమస్కారం కూడా పెట్టలేకపోయాను. ఇప్పుడు పెడుతున్నాను.

ఒక్క మాట అనకుండా ఉండలేను. ఆపరేషన్ చేసిన చోట చీటీ మీద "ఫిజియో" అని ఒక్క ముక్క రాసి పంపారు. ఆ ఫిజియో గది రెండో అంతస్తులో. లిఫ్ట్ పనిచేయదు. మోకాలు మడవలేని మనిషి మెట్లెక్కి పోయి మోకాలు మడవడం నేర్చుకోవాలి! ఆయాసపడుతూ ఎక్కితే గదికి తాళం. లక్షలు పోసి ఎముక అతికించి, దాన్ని కదిలించే కండరాన్ని గాలికొదిలేస్తే ఎట్లా?

అమ్మ, మా ఆయన, అక్కావాళ్ళు ఎట్లాగూ ఉన్నారు, వాళ్ళకి వేరే చెప్పేదేముంది.

అయ్యో, ఎక్స్‌రే రోజు వానలో నాయన్ని ఎత్తి దించిన ఆటో అబ్బాయికి చాలా థాంక్స్. వాకర్ ఇచ్చిన ఎదురింటి పిన్నికి కూడా (పిన్నీ, వచ్చే వారం తెచ్చిస్తాను). సెలవు అడిగిన ప్రతిసారీ కాదనకుండా ఇచ్చిన మా మేనేజరు గారికి కూడా.