2025 వార్షిక నివేదిక: ఆరోగ్య బీమా ప్రీమియం ఎవరికి తగ్గింది, ఎవరికి తగ్గలేదు

గౌరవ సభ్యులకు, కుటుంబ పింఛను పొందుతున్న సోదరీమణులకు మన విశ్రాంత ఉద్యోగుల సంఘం కార్యవర్గం తరఫున నమస్కారాలు.

ఈ ఏడాది మనల్ని విడిచి వెళ్లిన సహచరులను ముందుగా తలచుకుంటున్నాం. వారిలో కొందరు చివరి రోజుల్లో జబ్బు గురించి కన్నా ఆసుపత్రి బిల్లు గురించే మాతో ఎక్కువగా మాట్లాడారు. అది మనసులో పెట్టుకునే ఈసారి నివేదికలో ఎక్కువ భాగం ఆరోగ్య బీమాకు కేటాయించాం. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ల శిబిరం, అంతకుముందు కంటి పరీక్షల శిబిరం అనుకున్నట్టే జరిగాయి. వాటి జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదివి వినిపిస్తారు.

సెప్టెంబరు 3న జరిగిన తన 56వ సమావేశంలో జీఎస్టీ మండలి, వ్యక్తిగత ఆరోగ్య బీమా పాలసీల మీద ఉన్న 18 శాతం పన్నును పూర్తిగా ఎత్తేసింది. సెప్టెంబరు 22 నుంచి అది అమల్లోకి వచ్చింది. భార్యాభర్తలు కలిసి తీసుకునే ఫ్లోటర్ పాలసీలకు, సీనియర్ సిటిజన్ పాలసీలకు కూడా ఈ మినహాయింపు వర్తిస్తుంది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి మనం అడుగుతున్నది ఇదే. వార్త వినగానే పట్టలేని సంతోషంతో, సభ్యులందరికీ ప్రీమియం తగ్గుతుందని మన వాట్సాప్ గ్రూపులో రాసేశాం. అది మా పొరపాటు. రెండు రోజుల తర్వాత సవరణ పెట్టాం గానీ, మొదటి కబురు చేరినంత దూరం సవరణ చేరలేదు. ఆ కబురు నమ్మి, తక్కువ మొత్తమే పక్కన పెట్టుకుని రెన్యువల్ రోజున ఇబ్బంది పడిన వారికి కార్యవర్గం క్షమాపణ చెబుతోంది.

సంగతేమిటంటే, మినహాయింపు వ్యక్తిగత పాలసీలకే. గ్రూపు పాలసీల మీద 18 శాతం అలాగే ఉంది. మన సభ్యుల్లో ఎక్కువ మంది ఉన్నది సంస్థ ద్వారా వచ్చిన గ్రూపు పాలసీలోనే. ఉద్యోగంలో ఉన్నవారికి గ్రూపు పాలసీ ప్రీమియం యాజమాన్యం కడుతుంది. రిటైరైన మనకు గ్రూపు అనేది పేరు వరకే, ప్రతి రూపాయీ మన పెన్షన్‌లోంచి కడుతున్నాం. బయట సొంతంగా పాలసీ తీసుకున్న డెబ్భై ఏళ్ల మనిషికి పన్ను లేదు, అదే వయసులో మన పాలసీలో ఉన్న మనిషికి పన్ను ఉంది. ఈ తేడాకు న్యాయమైన కారణం మాకు కనిపించడం లేదు. బ్యాంకు విశ్రాంత ఉద్యోగుల సంఘాలు కూడా ఈ విషయంలో గట్టిగా అడుగుతున్నాయి. మనం అక్టోబరులో ఆర్థిక మంత్రిత్వ శాఖకు, జీఎస్టీ మండలి సచివాలయానికి వినతిపత్రాలు పంపాం. ప్రీమియాన్ని విశ్రాంత ఉద్యోగే పూర్తిగా చెల్లించే చోట దాన్ని వ్యక్తిగత పాలసీగానే పరిగణించాలన్నది అందులోని ఒకే ఒక్క కోరిక. పది కోరికల చిట్టా పంపితే ఏదీ ఎవరి చెవికీ ఎక్కదని అనుభవం మీద తెలిసింది.

వ్యక్తిగత పాలసీ ఉన్నవారికి ఒరిగిందెంతో కూడా లెక్క వేసి చూద్దాం. అసలు ప్రీమియం 50,000 రూపాయలనుకుంటే, పన్నుతో కలిపి 59,000 కట్టేవారు. ఇప్పుడు 50,000 కడితే చాలు. చేతిలో మిగిలేది 9,000. మంచిదే. అయితే సెప్టెంబరు 22కు ముందే బిల్లు తయారై, డబ్బు కట్టేసినవారికి ఆ పన్ను తిరిగి రాలేదు. రెండేళ్లకో మూడేళ్లకో ఒకేసారి కట్టినవారు మరీ బాధపడ్డారు. ఈ విషయంలో సంఘం చేయగలిగింది ఏమీ లేకపోయింది.

పన్ను పోయినంత మాత్రాన ప్రీమియం అక్కడే ఆగదు. అరవై దాటినవారి ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందుగా తనను సంప్రదించాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2025 జనవరి 30న కంపెనీలను ఆదేశించింది. అంతకుముందు ఒక్క రెన్యువల్‌లోనే గుండె గుభేలుమనేంత పెరుగుదల చూసిన సభ్యులు మనలో ఉన్నారు, కాబట్టి ఇది చిన్న రక్షణ కాదు. కానీ 10 శాతం లోపు పెంపునకు అడ్డేమీ లేదు. పైన చెప్పిన 50,000 మొదటి రెన్యువల్‌కు 55,000, రెండోదానికి 60,500 కావచ్చు. అంటే పన్ను తీసేసిన లాభం రెండు రెన్యువల్స్‌లో హరించుకుపోతుంది. పన్ను పోయిందని మనం అడగడం ఆపకూడదని కార్యవర్గం అనుకోవడానికి కారణం ఇదే.

ప్రీమియం తగ్గించుకోవాలని ఈ ఏడాది కొందరు సభ్యులు బీమా మొత్తాన్నే తగ్గించుకున్నారు. మరికొందరు ప్రతి క్లెయిమ్‌లో 20 శాతం తామే భరించే కో-పే షరతుకు ఒప్పుకున్నారు. ఎవరి పరిస్థితి వారిది, తప్పుపట్టడం లేదు. కానీ అది తగ్గింపు కాదు, ఈ రోజు కట్టాల్సిన డబ్బును ఆసుపత్రి రోజుకు వాయిదా వేయడం. మూడు లక్షల బిల్లుకు 20 శాతమంటే 60,000, అదీ మంచం మీద ఉన్నప్పుడు. మూల పాలసీని ఓ మాదిరి మొత్తానికి ఉంచుకుని, దాని మీద, ఒక పరిమితి దాటిన ఖర్చును భరించే సూపర్ టాప్-అప్ తీసుకోవడం చాలామందికి మేలు. మామూలు టాప్-అప్‌కూ దీనికీ ఉన్న తేడా గుర్తుంచుకోండి. మామూలు దానిలో ఒక్కో బిల్లూ విడివిడిగా పరిమితి దాటాలి. సూపర్ టాప్-అప్‌లో ఏడాది మొత్తం బిల్లులూ కలిపి దాటితే చాలు. మన వయసులో ఏడాదికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లడం మామూలే కదా.

గది అద్దె దగ్గర ఈ ఏడాది ఒక గట్టి పాఠం నేర్చుకున్నాం. ఒక సభ్యుడి పాలసీలో రోజుకు 3,000 వరకే గది అద్దె. ఖాళీ లేదంటే 6,000 గదిలో చేరారు. కంపెనీ మొత్తం బిల్లును సగానికి కోసేసింది. ఆయన కాగితాలు తెచ్చినప్పుడు మన ఉపాధ్యక్షులు గారు రెండు రాత్రులు కూర్చుని నిబంధనలు చదివారు. గది స్థాయిని బట్టి మారే డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీల వంటి వాటిలోనే ఆ నిష్పత్తిలో కోత పెట్టవచ్చు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల ఖర్చులో కోత పెట్టకూడదు. ఇదే సంగతి రాసి కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపితే, మందులు, స్టెంట్, పరీక్షల తాలూకు డబ్బు వెనక్కి వచ్చింది. గది తాలూకు కోత మాత్రం ఆయనే భరించాల్సి వచ్చింది. కంపెనీ దిగిరాకపోతే ఐఆర్‌డీఏఐ వారి ‘బీమా భరోసా’ ఫిర్యాదుల పోర్టల్ ఉంది, ఆపైన వివాదాలు తీర్చే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల వరకు వివాదాలు వింటారు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి.

ఇక మా మనసును అన్నిటికన్నా కలచివేసిన విషయం. సభ్యుడు కాలం చేశాక, రెన్యువల్ గురించిన ఎస్ఎంఎస్ ఆయన ఫోన్‌కే వెళ్తోంది. ఆ ఫోన్ ఎక్కడో బీరువాలో ఆగిపోయి ఉంటుంది. ఒక సోదరి ఇలాగే గడువు దాటిపోయాక మా దగ్గరికి వచ్చారు. ఇన్నేళ్లుగా ప్రీమియం కట్టిన పాలసీలో కొనసాగే హక్కు తనకుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే, చివరికి ఆలస్యాన్ని మన్నించి ఆమెను చేర్చుకున్నారు. ఆ మధ్య రోజుల్లో ఆమెకు ఏ రక్షణా లేదు. ఏమైనా జరిగి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ మమ్మల్ని వదలడం లేదు. అందుకని జీవిత భాగస్వాముల ఫోన్ నంబర్లు కూడా సేకరిస్తున్నాం. సభ్యుడు చనిపోయిన నెలలోపు కార్యవర్గం నుంచి ఒకరు ఇంటికి వెళ్లి, పాలసీలో కొనసాగుతామని తెలిపే ఆప్షన్ లెటర్ దగ్గరుండి రాయించాలని తీర్మానించాం.

డెబ్భై ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత చికిత్స ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29న మొదలైంది. ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో డెబ్భై దాటినవారందరికీ కలిపి. ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల, పింఛనుదారుల ఆరోగ్య పథకం సీజీహెచ్ఎస్ ఉన్నవారు మాత్రం రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. మీ ఆసుపత్రి ఈ కార్డు చెల్లే జాబితాలో ఉందో లేదో చూసుకోకుండా దీన్ని నమ్ముకుని ఉన్న పాలసీ వదిలేయకండి. పాత ఆదాయపు పన్ను విధానంలో ఉన్నవారికి ఆరోగ్య బీమా ప్రీమియం మీద 80డీ సెక్షన్ కింద 50,000 వరకు మినహాయింపు ఉంది. ప్రీమియం నగదుగా కడితే అది రాదు.

వేరే కంపెనీకి మారాలనుకునేవారు రెన్యువల్‌కు కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి. అరవై అయిదు దాటితే కొత్త పాలసీ ఇవ్వరని ఇంకా చాలామంది అనుకుంటున్నారు. ఆ వయోపరిమితిని 2024 ఏప్రిల్ నుంచి తీసేశారు. పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బులకు బీమా వర్తించడానికి వేచి ఉండాల్సిన కాలం కూడా గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గింది.

బీమా సహాయ కేంద్రం ఇకపై ప్రతి బుధవారం ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు సంఘం కార్యాలయంలో ఉంటుంది. వచ్చేటప్పుడు పాలసీ కాగితాలు, గత రెండేళ్ల ప్రీమియం రసీదులు తెచ్చుకోండి. వీలైతే భార్యాభర్తలు ఇద్దరూ కలిసి రండి.

ప్రధాన కార్యదర్శి